పాఠకుల ప్రశ్నలు: ఆ రెండు గోల్స్ కీపర్ తప్పేనా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు అమెరికా కాలేజీ అమ్మాయిల సాకర్ మీదే ఉన్నాయి. నాకెంతో ఇష్టమైన ఆట ఇది, అందుకే మొదటి ఉత్తరానికి జవాబు కాస్త పొడుగ్గానే రాశాను.

ప్రశ్న: మా మేనకోడలు అమెరికాలో ఒక కాలేజీ జట్టుకు లెఫ్ట్ బ్యాక్‌గా, అంటే ఎడమవైపు డిఫెండర్‌గా ఆడుతుంది. పోయిన సీజన్‌లో గురువారం ఒక మ్యాచ్ ఆడి, మళ్లీ ఆదివారం ఇంకోటి ఆడారు. ఆదివారం మొదటి సగమంతా వీళ్లదే పైచేయి, 1-0తో ముందున్నారు. రెండో సగంలో ఏమైందో ఏమో, 66వ నిమిషంలో ఒకటి, 78లో ఒకటి గోల్స్ ఇచ్చేసి ఓడిపోయారు. రెండో గోల్ మా కీపర్ ఇచ్చిన పాస్ అవతలివాళ్లకు దొరకడం వల్ల పడింది. తల్లిదండ్రులంతా ఆ పిల్లనే అంటున్నారు. వీడియో పంపుతున్నాను, తప్పు నిజంగా ఆమెదేనా?
— ఆట ఇప్పుడిప్పుడే అర్థమవుతున్న ఒక మేనత్త

జవాబు: వీడియో మొత్తం చూశానండీ. ఆ పాస్ బాగా లేదు, అది నిజమే. కానీ ఆ పాస్ తప్ప వేరే దారి లేని పరిస్థితిలోకి కీపర్‌ని నెట్టింది ఆమె జట్టే. అది కూడా 78వ నిమిషంలో కాదు, చాలా ముందే.

మొదటి సగం ఎందుకంత బాగా సాగిందో ముందు చూద్దాం. మీ జట్టు 4-3-3లో ఆడింది, అంటే వెనక నలుగురు డిఫెండర్లు, మధ్యలో ముగ్గురు మిడ్‌ఫీల్డర్లు, ముందు ముగ్గురు ఫార్వర్డ్‌లు. అవతలి సెంటర్ బ్యాక్, అంటే నడిమి డిఫెండర్ కాలికి బంతి తగలగానే మీ సెంటర్ ఫార్వర్డ్, అదే ఆ పొడుగమ్మాయి, నేరుగా మీదకు ఉరకలేదు. కాస్త వంపు తిరుగుతూ, రెండో సెంటర్ బ్యాక్ వైపు దారి మూసేస్తూ వెళ్లింది. దాంతో బంతి ఒక్క పక్కకే వెళ్లగలదు, ఆ పక్కన మీ వింగర్, అంటే పక్క లైన్ వెంట ఆడే ఫార్వర్డ్ కాచుకుని ఉంది. వెనక మిడ్‌ఫీల్డ్ ముగ్గురూ పది పదిహేను గజాల దూరంలోనే ఉన్నారు కాబట్టి తొందరపడి ఇచ్చిన ప్రతి పాసూ వాళ్లకే చిక్కింది. 22వ నిమిషంలో మీకు వచ్చిన గోల్ అచ్చంగా ఇలాంటిదే. అదృష్టం కొద్దీ వచ్చింది కాదు, నేర్చుకుని చేసిన పని.

ఇప్పుడు స్కోర్‌బోర్డు మీద 33 నిమిషాలు మిగిలి ఉన్నచోట, అంటే 57వ నిమిషం దగ్గర వీడియో ఆపండి. బంతిని వదిలేసి మీ ముందు వరసను చూడండి. వింగర్లిద్దరూ నడుస్తున్నారు, ఒకమ్మాయి చేతులు నడుం మీద ఉన్నాయి. అవతలి సెంటర్ బ్యాక్ బంతిని మూడుసార్లు తాకి, తల పైకెత్తి, ఎవరికివ్వాలా అని తీరిగ్గా చూసుకుంటోంది. మొదటి సగంలో ఆ పిల్లకు ఒక్కసారి కూడా అంత తీరిక దొరకలేదు. మూడు రోజుల తేడాలో రెండో మ్యాచ్ ఆడుతున్న కాళ్లు అవి, వాళ్లను తప్పుపట్టలేం. కానీ అవతలి డిఫెండర్‌కు తలెత్తే తీరిక దొరికిందంటే మీ డిఫెండర్ల తల మీదుగా పొడుగు బంతి వచ్చే ప్రమాదం ఉన్నట్టే. అందుకే మీ నలుగురు డిఫెండర్లు భయంతో వెనక్కి జరిగారు, మిడ్‌ఫీల్డ్ మాత్రం పాత అలవాటు కొద్దీ ముందుకే వెళ్తోంది. ఈ రెండు వరసల మధ్య పాతిక గజాల పైన ఖాళీ వచ్చింది, మ్యాచ్ చేజారడం అక్కడే మొదలైంది.

అవతలి కోచ్ దాన్ని వెంటనే పట్టేశారు. అరవయ్యో నిమిషం దాటగానే 4-4-2 వదిలేసి 3-4-3కి మారారు, రైట్ బ్యాక్‌ని పూర్తిగా ముందుకు పంపి, అటువైపే బెంచి మీది నుంచి ఒక కొత్త వింగర్‌ని దించారు. అంటే మీ మేనకోడలి మీదకు ఇద్దరు వస్తున్నారు. ఆమెకు సాయం రావాల్సింది మీ లెఫ్ట్ వింగర్, కానీ ఆ అమ్మాయికి వెనక్కి పరిగెత్తే ఓపిక లేదు. గోల్‌కు ముందు మీ మేనకోడలు చెయ్యెత్తి రెండుసార్లు పిలవడం వీడియోలో స్పష్టంగా కనిపిస్తుంది. చివరికి డిఫెన్స్ ముందు కాపలా ఉండాల్సిన మిడ్‌ఫీల్డరే పక్కకు వెళ్లింది, పెనాల్టీ బాక్స్ ముందు జాగా ఖాళీ అయింది. కొత్త వింగర్ గోల్ లైన్ దాకా వెళ్లి, బంతిని లోపలికి కాకుండా వెనక్కి, ఆ ఖాళీలోకే ఇచ్చింది. పరిగెత్తుకుంటూ వచ్చిన అమ్మాయిని పట్టుకునేవాళ్లే లేరు. అందులో మీ మేనకోడలి తప్పు ఏమీ లేదు, ఆమె వింగర్‌ని వదిలేసి లోపలికి వచ్చుంటే ఇంకా తేలికైన గోల్ పడేది.

ఇక రెండో గోల్. దీన్ని అర్థం చేసుకోవాలంటే కాలేజీ సాకర్‌లో ఆటగాళ్లను మార్చే నియమం తెలియాలి. మనం ప్రపంచకప్పులో చూసే ఆటలో ఐదుగురిని మార్చొచ్చు, బయటికి వెళ్లినవాళ్లు ఇక తిరిగి రారు. కాలేజీలో ఎంతమందినైనా మార్చొచ్చు. మొదటి సగంలో బయటికి వస్తే ఆ సగంలో మళ్లీ దిగకూడదు, రెండో సగంలో బయటికి వెళ్లినవాళ్లు ఒక్కసారి తిరిగి రావచ్చు. ఆ ఒక్కసారీ వాడేశాక మళ్లీ బయటికి వస్తే ఇక అంతే.

మీ కోచ్ ఆ పొడుగమ్మాయిని 52లో బయటికి పిలిచారు, 61లో మళ్లీ దించారు, ఆమె ఇక పరిగెత్తలేకపోతుంటే 70లో మళ్లీ తీసేశారు. ఇక ఆమె తిరిగి రాలేదు. మొదటి సగంలో కీపర్ గోల్ కిక్ తీసినప్పుడల్లా ఆమె తలకే గురిపెట్టి కొట్టింది, గమనించారా? ఒత్తిడి పెరిగితే బంతిని దూరంగా పంపడానికి కీపర్‌కు ఉన్న ఏకైక దారి అదే. 78వ నిమిషంలో ఆ దారి బెంచి మీద కూర్చుని ఉంది. ముందున్న ముగ్గురూ పొట్టివాళ్లు. అవతలి ఫార్వర్డ్‌లు ముగ్గురూ మీ సెంటర్ బ్యాక్‌ల నెత్తిమీదే నిలబడ్డారు. మిగిలింది మధ్యలో ఉన్న మిడ్‌ఫీల్డర్ ఒక్కతే, ఆమె కూడా సొంత గోల్ వైపు ముఖం పెట్టి, వెనక ఎవరున్నారో కనిపించని స్థితిలో ఉంది. కీపర్ ఆమెకే ఇచ్చింది, వెనక నుంచి వచ్చిన అమ్మాయి లాగేసుకుంది, గోల్.

బంతిని బయటికి కొట్టేయొచ్చు కదా అంటారా? కొట్టొచ్చు. కానీ అక్కడ త్రో-ఇన్ ఇస్తే అది కూడా ప్రమాదమే, దాని గురించి కింద ఇంకో జవాబులో రాశాను.

నేనైతే ఆ పొడుగమ్మాయిని మొదటి సగంలో, 30వ నిమిషం దగ్గరే బయటికి పిలిచేదాన్ని. పదిహేను నిమిషాలు, పైన విరామం, మొత్తం అరగంట విశ్రాంతి దొరికేది, రెండో సగంలో తిరిగి వచ్చే అవకాశం కూడా చెక్కుచెదరకుండా ఉండేది. 1-0తో ముందుండగా ఆమెను తీయడానికి కోచ్‌కు మనసొప్పలేదేమో, అది నేను అర్థం చేసుకోగలను. కానీ గురువారం ఆడి ఆదివారం ఆడే ఈ కాలేజీ సీజన్‌లో బెంచిని ఎప్పుడు వాడతారన్నది 4-3-3యా 3-4-3యా అన్నదానికంటే పెద్ద విషయం అని నా గట్టి నమ్మకం. ఆ కీపర్ పిల్లకు మీ మేనకోడలి ద్వారా ఈ మాట చేరవేయండి: 70లో ఒంటరిగా వచ్చిన ఫార్వర్డ్‌కి ఎదురెళ్లి కాళ్ల దగ్గర బంతి పట్టేసింది చూడండి, అది లేకపోతే స్కోరు 3-1 అయ్యేది.

ప్రశ్న: కాలేజీ మ్యాచుల్లో గడియారం వెనక్కి తిరుగుతుందేమిటి?

జవాబు: అవును, 45 నుంచి సున్నాకి. గోల్ పడినా, కార్డు చూపించినా, పెనాల్టీ ఇచ్చినా, గాయమైనా రిఫరీ చెయ్యి ఊపితే గడియారం ఆగిపోతుంది, అందుకే చివర్లో అదనపు నిమిషాలు కలపడం ఉండదు. చివరి పది సెకన్లు మైకులో లెక్కపెడతారు కూడా. సున్నా అయ్యేలోపు బంతి గోల్ లైన్ పూర్తిగా దాటితేనే గోల్. గెలుస్తున్న జట్టు మ్యాచ్ చివర్లో ఆటగాళ్లను మారుస్తూ కాలయాపన చేయకుండా అప్పుడు గడియారం ఆపేస్తారు. ఇది తెలిసినవాళ్ల ఆటే వేరుగా ఉంటుంది. ఇంకా ఎంతసేపుందో రిఫరీని అడగనక్కర్లేదు, తల తిప్పి చూస్తే చాలు.

ప్రశ్న: రెండు గోల్స్ ముందున్నాక వెనక్కి తగ్గి కాపాడుకోవడమే తెలివి కదా? మా ఇంట్లో దీని మీద రోజూ వాదన.

జవాబు: 2022 కాలేజీ జాతీయ టోర్నీ ఫైనల్ సంగతి చెప్తాను, ఆ తర్వాత మీ ఇంట్లో ఎవరిది పైచేయో తేల్చుకోండి. నార్త్ కరోలినాలోని కేరీలో, నార్త్ కరోలినా యూనివర్సిటీకీ యూసీఎల్‌ఏకీ (లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ) మ్యాచ్. నార్త్ కరోలినాకు ఏవరీ ప్యాటర్సన్ రెండో సగంలో రెండు గోల్స్ కొట్టింది. 2-0, ఇంకో పావుగంటే ఉంది, దాదాపు సొంతూరి జనం, కప్పు చేతికి వచ్చేసినట్టే అనిపించింది. 80వ నిమిషంలో లెక్సీ రైట్ ఒక గోల్ కొట్టి యూసీఎల్‌ఏకు ఊపిరి పోసింది. ఆ తర్వాత ఇంకో 16 సెకన్లే మిగిలి ఉండగా కార్నర్ మీద రైలిన్ టర్నర్ తలతో కొట్టి 2-2 చేసింది. అదనపు సమయంలో, 107వ నిమిషంలో, మరికార్మెన్ రేయెస్ గోల్‌తో 3-2. యూసీఎల్‌ఏ కోచ్ మార్గరీట్ అయొజాసాకు హెడ్ కోచ్‌గా అది మొదటి ఏడాదే.

ఆ కార్నర్ గురించే ఆలోచిస్తుంటాను నేను. గడియారం వెనక్కి తిరిగే ఆటలో చివరి కార్నర్ అంటే ఇరువైపులా అందరికీ తెలుసు, ఇదే ఆఖరిదని. దాడి చేసేవాళ్లకు పోగొట్టుకునేది ఏమీ లేదు, వెనక కాపలా గురించి ఆలోచించకుండా మనుషుల్ని బాక్స్‌లోకి తోసేస్తారు. కాపాడుకునేవాళ్లు ఒక్క అడుగు ఆలస్యమైతే చాలు. కాబట్టి చివరి రెండు నిమిషాల్లో చేయాల్సిన పని బాక్స్‌లో గుంపుగా నిలబడటం కాదు, కార్నరే ఇవ్వకుండా చూసుకోవడం. బంతిని అవతలివాళ్ల కార్నర్ జెండా దగ్గరికి తీసుకెళ్లి అక్కడే ఒంటిని అడ్డం పెట్టి ఆడటం, డిఫెన్స్‌లో బంతి దొరికితే సొంత గోల్ లైన్ వైపు కాకుండా పక్క లైన్ మీదుగా బయటికి కొట్టడం, ఇవన్నీ రోజూ ప్రాక్టీస్‌లో చేయించాలి. ఫైనల్ రోజు టెన్షన్‌లో కొత్తగా గుర్తుకు రావు.

ఇంకో విషయం. అదే ఏడాది గోల్డెన్ గోల్ నియమం తీసేశారు. పాత పద్ధతిలో అయితే అదనపు సమయంలో మొదటి గోల్ పడగానే మ్యాచ్ అయిపోయేది. ఇప్పుడు పది నిమిషాల చొప్పున రెండు భాగాలూ పూర్తిగా ఆడాలి. అందుకే రేయెస్ గోల్ కొట్టాక కూడా ఇంకో మూడు నిమిషాలు యూసీఎల్‌ఏ కాపాడుకోవాల్సి వచ్చింది. మామూలు లీగ్ మ్యాచుల్లో అయితే అదనపు సమయమే లేదు, సమానంగా ముగిస్తే డ్రా. అందువల్ల పరాయి మైదానంలో 1-1 ఉన్నప్పుడు చివరి పది నిమిషాలు ఏ కోచ్ ఎటు మొగ్గుతారో చూడటం నాకు భలే ఇష్టం.

ప్రశ్న: ఎప్పుడు చూసినా నార్త్ కరోలినా పేరే వినిపిస్తుంది. అంత గొప్ప ప్లేయర్లు అక్కడికే వెళ్తారా, లేక ఆడే పద్ధతిలో ఏమైనా ఉందా?

జవాబు: రెండూ ఉన్నాయి. అమెరికా జాతీయ జట్టు తారలు మియా హామ్, క్రిస్టీన్ లిల్లీ లాంటివాళ్లు ఆ జట్టులోంచే వచ్చారు. అమెరికా కాలేజీ ఆటలు నడిపే సంఘం ఎన్‌సీఏఏ టోర్నీ 1982లో మొదలైంది, మొదటి కప్పు వాళ్లదే. 2024లో వేక్ ఫారెస్ట్‌ను 1-0తో ఓడించి గెలిచింది 22వది. అందులో 21 ఆన్సన్ డోరెన్స్ కోచ్‌గా ఉన్నప్పుడు వచ్చినవే. 1979 నుంచి ఉన్న ఆయన 2024 సీజన్ మొదలవబోతుండగా తప్పుకున్నారు, ఆ ఏడాది కప్పు ఆయన స్థానంలో వచ్చిన డేమన్ నహాస్ చేతిలో పడింది.

డోరెన్స్ పేరు చెప్పగానే గుర్తొచ్చేది వెనక ముగ్గురే డిఫెండర్లతో 3-4-3, అవతలివాళ్ల సగంలోనే గుక్క తిప్పుకోనివ్వని ప్రెసింగ్, అంటే బంతి ఉన్నవాళ్ల మీదకు వెంటనే ఎగబడటం. వెనక ముగ్గురే ఉంటే ప్రమాదం కదా అంటే, ప్రమాదమే. ముందు ఏడుగురు నిజంగా పరిగెత్తినంతసేపే అది పనిచేస్తుంది. మొదటి ఉత్తరంలోని జట్టుకు 57వ నిమిషంలో జరిగింది ఇదే కదా, ముందువాళ్లు నడిచారు, వెనకవాళ్లు బలయ్యారు. డోరెన్స్ దీనికి కనిపెట్టిన మందు బెంచి. ఎంతమందినైనా మార్చుకునే నియమాన్ని వాడుకుని, కాళ్లు అలసిపోకముందే ఒకేసారి కొత్తవాళ్లను దించేవారు. ఎదుటి జట్టు డిఫెండర్లు మాత్రం పాతవాళ్లే, వాళ్ల మీదకు కొత్త కాళ్లు వస్తూనే ఉంటాయి. ప్రాక్టీస్‌లో ప్రతి పోటీనీ లెక్కగట్టి అమ్మాయిలకు ర్యాంకులు ఇచ్చే పద్ధతి కూడా ఆయనదే, దాంతో పదహారో ప్లేయర్ కూడా మొదటి పదకొండుమందితో పోటీపడే స్థితిలో ఉండేది.

అయితే ఇదే ఏకైక దారి అనుకోకండి. ఫ్లోరిడా స్టేట్ దీనికి పూర్తిగా భిన్నంగా, బంతిని తమ దగ్గరే పెట్టుకుని చిన్న పాసులతో ఎదుటివాళ్లను పరిగెత్తించే ఆటతో పేరు తెచ్చుకుంది. 2023 ఫైనల్‌లో స్టాన్‌ఫర్డ్‌ను 5-1తో ఓడించింది, ఫైనల్ అంటే ఒక్క గోల్ తేడా అనుకునేవాళ్లకు ఆ మ్యాచ్ చూపించాలి. నా మటుకు నాకు రెండు పద్ధతులూ ఇష్టమే, ఏది చేసినా అరకొరగా చేస్తేనే చూడబుద్ధి కాదు.

ప్రశ్న: ఒకమ్మాయి పల్టీ కొట్టి త్రో-ఇన్ వేసింది! అది చెల్లుతుందా?

జవాబు: చెల్లుతుంది. బంతి వదిలే క్షణానికి రెండు పాదాలూ లైన్ మీదో లైన్ బయటో నేలకు ఆని ఉండాలి, రెండు చేతులతో తల వెనక నుంచి తల మీదుగా రావాలి, అంతే. బంతిని నేలకు ఆనించి పల్టీ కొట్టడంతో వచ్చే ఊపుకు అది నేరుగా పెనాల్టీ బాక్స్ మధ్యకు చేరుతుంది. అమెరికా స్కూలు, కాలేజీ ఆటలో ఇది చాలాకాలంగా ఉంది. త్రో-ఇన్ మీద ఆఫ్‌సైడ్ ఉండదు, కాబట్టి ఫార్వర్డ్‌లు కీపర్ ముందే నిలబడొచ్చు. అందుకే ఇలాంటి అమ్మాయి ఉన్న జట్టుతో ఆడేటప్పుడు బంతిని పక్కకు బయటికి కొట్టేయడం కూడా ఆలోచించి చేయాలి. కాపాడుకునే పద్ధతి చెప్పాలంటే, దగ్గరి పోస్టు వైపు నిలబడే పొడుగమ్మాయికి ముందొకరు, వెనకొకరు ఉండాలి. ఎందుకంటే చాలాసార్లు ఆ అమ్మాయి బంతిని గోల్‌లోకి కొట్టదు, తలతో వెనక్కి మళ్లిస్తుంది, అసలు దెబ్బ రెండో పోస్టు దగ్గర పడుతుంది.

ప్రశ్న: జట్టులో ముప్పై మందికి పైగా ఉండేవాళ్లు, ఇప్పుడు తగ్గారని మా అమ్మాయి అంటోంది. దీనివల్ల ఆట మారుతుందా?

జవాబు: కాలేజీ ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన దావాలో 2025లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో, దానికి ఒప్పుకున్న కాలేజీలకు అమ్మాయిల సాకర్ జట్టులో 28 మంది అన్న పరిమితి వచ్చింది. అంతకుముందు మనుషుల మీద కాకుండా స్కాలర్‌షిప్పుల మీద పరిమితి ఉండేది, జట్టు మొత్తానికి 14, దాన్నే ముక్కలుగా చాలామందికి పంచేవారు. ఆట మారుతుందనే నా అభిప్రాయం. ఇద్దరు ముగ్గురికి గాయాలైతే 28 అంటే ఇరవై అయిదే, అందులో ముగ్గురు కీపర్లు. గుంపుగా మార్చే జట్లు నవంబరు వచ్చేసరికి ఇబ్బంది పడతాయి, రెండు మూడు స్థానాల్లో ఆడగలిగే అమ్మాయికి విలువ పెరుగుతుంది. మీ అమ్మాయి డిఫెండర్ అయితే మిడ్‌ఫీల్డ్‌లో కూడా ఆడటం ఇప్పటినుంచే మొదలుపెట్టమనండి.

ప్రశ్న: బంతిని వదిలేసి ఆట చూడమని మీరు ఎప్పుడూ అంటారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: మొదటి పది నిమిషాలు ఒక్క మిడ్‌ఫీల్డర్‌నే చూడండి, డిఫెన్స్ ముందు ఉండే అమ్మాయిని. బంతి రాకముందు ఎన్నిసార్లు భుజం మీదుగా వెనక్కి చూస్తుందో గమనించండి. తర్వాత పది నిమిషాలు డిఫెన్స్ వరసకీ మిడ్‌ఫీల్డ్‌కీ మధ్య ఖాళీ ఎంతుందో చూడండి, అది పెరుగుతుంటే ఎవరు అలసిపోయారో వెతకండి. స్టేడియంలో చూడగలిగితే గోల్ వెనక, వీలైనంత ఎత్తున కూర్చోండి. సీజన్ ఆగస్టులో మొదలవుతుంది, 64 జట్ల టోర్నీ నవంబరులో మొదలై డిసెంబరులో ముగుస్తుంది.